తల్లి రొయ్యల ఆహారం

తల్లి రొయ్యల ఆహారం అనగా గుడ్లు పెట్టించి పిల్లలను తీయడానికై హేచరీలలోను, తొట్లలోను, అక్వేరియంలలోను పెంచే రొయ్యలకు ఇచ్చే మేత. ఆంధ్ర ప్రదేశ్ తీరప్రాంతంలో ఇటువంటి రొయ్యలను "తల్లి రొయ్యలు" అని పిలుస్తారు. వీటితోపాటు ఉంచే మగ రొయ్యల పోషణ కూడా ఈ విషయంలో భాగమే. తల్లి రొయ్య తిన్న ఆహారంలోని పోషకాలే గుడ్డులోని సొనగా మారతాయి. గుడ్డు నుండి వెలువడిన డింభకం మొదటి దశలో ఏమీ తినకుండా ఆ సొన మీదనే బ్రతుకుతుంది. అందువలన ఎన్ని గుడ్లు వచ్చాయి, వాటిలో ఎన్ని పొదిగాయి, పిల్లలు ఎంత బలంగా ఉన్నాయి అనే మూడు విషయాలూ చాలావరకు తల్లి తిన్న మేత మీద ఆధారపడి ఉంటాయి. తినడానికి పెంచే టైగర్, వన్నామై, నీలకంఠ రొయ్యలకూ, అందం కోసం గాజు తొట్లలో పెంచే అలంకార రొయ్యలకూ ఈ సూత్రం ఒక్కటే.

## నేపథ్యం

బాపట్ల జిల్లాలోని [[కొల్లూరు]] కృష్ణానది కుడి ఒడ్డున, ప్రకాశం బ్యారేజీకి దిగువన ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. అరటి, పసుపు, కంద పండే లంక గ్రామాలకు ఈ ప్రాంతం పేరు పొందింది. నది ఇక్కడి నుండి రేపల్లె వైపు సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. దిగువన రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాలలో ఉప్పునీటి చెరువులు, రొయ్యల సాగు విస్తరించి ఉన్నాయి.

కృష్ణా, గోదావరి నదుల దిగువ భాగాలు నీలకంఠ రొయ్యకు సహజ నివాసాలు. ఈ రొయ్య మంచినీటిలో పెరుగుతుంది, కానీ పిల్లలను విడవడానికి ఉప్పునీరు కలిసే ముఖద్వారం వైపు ప్రయాణిస్తుంది. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు మాత్రం కాలువలలోకి, పాయలలోకి వచ్చి పెరుగుతాయి. ఈ విధంగా ఒకే డెల్టాలో రెండు వ్యతిరేక దిశలలో సాగే జీవితచక్రాలు కనిపిస్తాయి. ప్రకృతిలో రొయ్య తనకు కావలసిన ఆహారాన్ని తానే వెదుక్కుంటుంది. తొట్టిలో పెట్టిన తరువాత ఆ బాధ్యత మనిషిది అవుతుంది.

రొయ్యలను తొట్లలో గుడ్లు పెట్టించే ప్రయత్నాలు 20వ శతాబ్దంలోనే మొదలయ్యాయి. జపాన్ దేశస్థుడైన మోటోసాకు ఫుజినాగా 1934లో కురుమా రొయ్య చేత తొట్టిలో గుడ్లు పెట్టించి, డింభకాలను కొంతవరకు పెంచగలిగాడు. నీలకంఠ రొయ్య డింభకాలు బ్రతకాలంటే కొంత ఉప్పు ఉన్న నీరు అవసరమని 1961లో మలేషియాలో పనిచేస్తున్న షావో-వెన్ లింగ్ కనుగొన్నాడు. భారతదేశంలో 1987లో కేంద్రీయ ఉప్పునీటి జలజీవుల పెంపకం సంస్థ (సీబా) చెన్నై కేంద్రంగా ఏర్పడింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా) విశాఖపట్నం సమీపంలో టాస్‌పార్క్ అనే రొయ్య పిల్లల ఉత్పత్తి, పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ తరువాత ఆంధ్ర తీరం వెంబడి ప్రైవేటు హేచరీలు విస్తరించాయి.

## రొయ్యలలో సంతానోత్పత్తి

ఆహార ప్రభావాన్ని అర్థం చేసుకోవడానికి ముందు గుడ్డు ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి. రొయ్యలను ఈ విషయంలో రెండు సమూహాలుగా చెప్పవచ్చు.

* గుడ్లను నీటిలోకి విడిచేవి: టైగర్, వన్నామై రొయ్యలు ఈ సమూహానికి చెందినవి. ఇవి రాత్రి వేళ గుడ్లను నేరుగా నీటిలోకి వదులుతాయి. 30 నుండి 45 గ్రాముల బరువున్న వన్నామై ఆడ రొయ్య ఒక్కసారికి లక్ష నుండి రెండున్నర లక్షల వరకు గుడ్లు పెడుతుంది. గుడ్డు వ్యాసం సుమారు 0.22 మిల్లీమీటర్లు. సుమారు 16 గంటలలో గుడ్డు పొదుగుతుంది.
* గుడ్లను మోసేవి: నీలకంఠ రొయ్య, చెర్రీ రొయ్య, అమానో రొయ్య వంటివి గుడ్లను పొట్ట కింది ఈదుకాళ్ళకు అంటించుకుని పొదిగేవరకు మోస్తాయి. తల్లి ఈదుకాళ్ళను ఆడిస్తూ గుడ్లకు గాలి తగిలే నీటిని అందిస్తుంది, చెడిన గుడ్లను తీసివేస్తుంది.

రెండు సమూహాలలోను ఆడ రొయ్య వీపు భాగంలో అండాశయం ఉంటుంది. తల భాగంలోని కాలేయ-క్లోమ గ్రంథి జీర్ణక్రియకూ, కొవ్వు నిల్వకూ కేంద్రం. అండాశయం పక్వమయ్యే కాలంలో ఈ గ్రంథిలోని నిల్వలు, రోజూ తినే మేత నుండి వచ్చే పోషకాలు రక్తం ద్వారా అండాశయానికి చేరతాయి. సొన మాంసకృత్తి కొంత ఈ గ్రంథిలోను, కొంత అండాశయంలోను తయారవుతుంది. రెండింటి పాలు జాతిని బట్టి మారుతుంది. పెంకు పలుచగా, పారదర్శకంగా ఉంటుంది గనుక ఈ మార్పు కంటికి కనిపిస్తుంది. పక్వమైన టైగర్ రొయ్యను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే వీపు వెంట ముదురు ఆకుపచ్చని పట్టీ, పొట్ట మొదటి కణుపు వద్ద వజ్రం ఆకారంలో వెడల్పుగా కనిపిస్తుంది. నీలకంఠ రొయ్యలో అండాశయం నారింజ రంగులో ఉంటుంది. చెర్రీ రొయ్యలో మెడ వెనుక జీను ఆకారంలో పసుపు మచ్చగా కనిపిస్తుంది.

వన్నామై గుడ్డు నుండి వెలువడే నాప్లియస్ అనే డింభకానికి ఆహారం తీసుకునే శక్తి లేదు. అది 5 ఉపదశలు దాటి జోయియా దశకు చేరేవరకు, అంటే సుమారు రెండు రోజులు, తల్లి ఇచ్చిన సొనతోనే గడుపుతుంది. టైగర్ రొయ్యలో ఈ ఉపదశలు 6. సొన పేలవంగా ఉంటే జోయియా దశకు మారే సమయంలో మరణాలు పెరుగుతాయి. ఆ సమయంలో ఎంత మంచి ఆహారం వేసినా, మేతను అందుకోగల శక్తి లేని డింభకానికి ప్రయోజనం ఉండదు.

## సొనకు కావలసిన పోషకాలు

### మాంసకృత్తులు

సొనలో ప్రధానమైనది విటెల్లిన్ అనే మాంసకృత్తి. ఇది కేవలం మాంసకృత్తి కాదు, కొవ్వులను, వర్ణకాలను తనతో కలుపుకుని ఉండే సంయుక్త పదార్థం. లక్షల కొద్దీ గుడ్లను కొన్ని రోజుల వ్యవధిలో నింపవలసి రావడం వలన, తల్లి రొయ్యకు మామూలు చెరువు రొయ్య కంటే ఎక్కువ మాంసకృత్తులు అవసరమవుతాయి. చెరువులో పెంచే రొయ్య మేత బరువు పెరగడానికి తయారైనది. దానినే తల్లి రొయ్యలకు వేస్తే అవి బ్రతుకుతాయి, బరువు కూడా పెరుగుతాయి, గుడ్ల విషయంలో మాత్రం నిరాశపరుస్తాయి.

### కొవ్వు ఆమ్లాలు

తల్లి రొయ్యల పోషణలో ఎక్కువ పరిశోధన జరిగిన అంశాలలో ఇది ఒకటి. సముద్రపు రొయ్యలు పొడవైన గొలుసు గల అసంతృప్త కొవ్వు ఆమ్లాలను తమంతట తాము తగినంతగా తయారు చేసుకోలేవు. అరకిడోనిక్ ఆమ్లం, ఈపీఏ, డీహెచ్ఏ అనే మూడింటిని మేత ద్వారా పొందాలి. డీహెచ్ఏ పిండం యొక్క నాడీమండలం, కణపొరల నిర్మాణానికి తోడ్పడుతుంది. అరకిడోనిక్ ఆమ్లం నుండి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. అండాశయం పక్వమై గుడ్లు విడుదల కావడంలో వీటి పాత్ర ఉంది.

మంచినీటి రొయ్యల అవసరాలు కొంత భిన్నం. వాటి సహజ ఆహారంలో మొక్కల నుండి వచ్చే లినోలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో నీలకంఠ రొయ్యలపై ప్రచురించిన ప్రయోగాలలో, లినోలియిక్ ఆమ్లమూ, పొడవైన గొలుసు గల ఒమేగా-3 ఆమ్లాలూ రెండూ సమృద్ధిగా ఉన్న మేత తిన్న తల్లులు మెరుగైన ఫలితాలు ఇచ్చాయి. కనుక సముద్రపు రొయ్యకు పనికివచ్చిన మేత మంచినీటి రొయ్యకు యథాతథంగా సరిపోతుందని భావించరాదు.

### కొలెస్టరాల్, ఫాస్ఫోలిపిడ్లు

మనుషులు కొలెస్టరాల్‌ను తగ్గించుకోవాలని చూస్తారు. రొయ్యలకు అది తప్పనిసరి ఆహారం. మన శరీరం కొలెస్టరాల్‌ను తయారు చేసుకోగలదు గాని, క్రస్టేషియన్లకు ఆ శక్తి లేదు. రొయ్య కుబుసం విడవడానికి కారణమైన హార్మోన్లు కొలెస్టరాల్ నుండే తయారవుతాయి. గుడ్లు మోసే రొయ్యలలో ఆడది కుబుసం విడిచిన వెంటనే, పెంకు మెత్తగా ఉన్నప్పుడు జతకడుతుంది. అందువలన కొలెస్టరాల్ కొరత కుబుసం ద్వారా సంతానోత్పత్తిని కూడా దెబ్బ తీస్తుంది. స్క్విడ్, ఆల్చిప్పల మాంసం కొలెస్టరాల్‌కు మంచి వనరులు. సోయా నుండి, కోడిగుడ్డు పచ్చసొన నుండి లభించే లెసితిన్ వంటి ఫాస్ఫోలిపిడ్లు ఈ కొవ్వులను శరీరంలో ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చడానికి సహాయపడతాయి.

### వర్ణకాలు

ఉడికించిన రొయ్య ఎర్రబడడం అందరికీ తెలిసినదే. పెంకులో ఆస్టాజాంథిన్ అనే ఎర్రని వర్ణకం ఒక మాంసకృత్తితో కలిసి ఉండడం వలన బ్రతికి ఉన్న రొయ్య నీలి, ఆకుపచ్చ, గోధుమ ఛాయలలో కనిపిస్తుంది. వేడికి ఆ మాంసకృత్తి విచ్ఛిన్నమై ఎరుపు బయటపడుతుంది. ఇదే వర్ణకం అండాశయంలోను, గుడ్లలోను నిల్వ ఉంటుంది. ఇది కణాలను ఆక్సీకరణ నుండి కాపాడుతుంది.

ఆస్టాజాంథిన్ వంటి కెరోటినాయిడ్ వర్ణకాలకు మూలం నాచు, ఇతర సూక్ష్మజీవులే. రొయ్య వాటిని తిని గాని, వాటిని తిన్న చిన్న జీవులను తిని గాని పొందాలి. ఒకే తల్లి చేత వరుసగా అనేకసార్లు గుడ్లు పెట్టించినప్పుడు, మేతలో వర్ణకాలు లేకపోతే నిల్వలు తరిగిపోయి నాప్లియస్‌ల నాణ్యత క్రమంగా పడిపోతుంది. అందుకే తల్లి రొయ్యల మేతలో స్పైరులినా, మిరప రకమైన పాప్రికా, ఆస్టాజాంథిన్ వంటివి కలుపుతారు.

### విటమిన్లు, ఖనిజాలు

విటమిన్ ఇ కొవ్వు ఆమ్లాలు చెడిపోకుండా కాపాడుతుంది. మేతలో అసంతృప్త కొవ్వులు పెంచినప్పుడు దీనిని కూడా పెంచాలి. విటమిన్ సి గుడ్లు పొదగడానికి, డింభకాల తట్టుకునే శక్తికి తోడ్పడుతుంది. ఈ విటమిన్ నీటిలో తేలికగా కరిగిపోతుంది గనుక స్థిరమైన రూపంలో ఇస్తారు. కాల్షియం, మెగ్నీషియం పెంకు నిర్మాణానికి అవసరం. రొయ్యలు వీటిలో చాలా భాగాన్ని నీటి నుండే గ్రహిస్తాయి.

రాగి విషయం ప్రత్యేకమైనది. రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోసయనిన్‌లో రాగి ఉంటుంది, కనుక మేతలో అతిస్వల్పంగా రాగి అవసరమే. కానీ నీటిలో కరిగిన రాగి రొయ్యలకు విషం. చేపల జబ్బులకు, నత్తల నివారణకు వాడే రాగి మందులు అలంకార రొయ్యల తొట్టిలో పడితే మొత్తం మంద నశించవచ్చు.

## హేచరీలలో వాడే ఆహారం

తల్లి రొయ్యలకు తాజా ఆహారం, తయారైన గుళికల మేత కలిపి ఇవ్వడం వాడుక. తాజా ఆహారాన్ని రోజుకు శరీర బరువులో సుమారు 15 నుండి 30 శాతం వరకు అనేక విడతలుగా వేస్తారు. తాజా ఆహారంలో నీరే అధికం గనుక ఈ శాతం పెద్దదిగా కనిపిస్తుంది. ముఖ్యమైన పదార్థాలు ఇవి:

* పాలీకీట్ పురుగులు: ఇవి బురదలో, ఇసుకలో నివసించే సముద్రపు పురుగులు, వానపాముకు దూరపు బంధువులు. అరకిడోనిక్ ఆమ్లం వీటిలో సమృద్ధిగా ఉంటుంది. వీటిలో ప్రోస్టాగ్లాండిన్, ప్రొజెస్టరాన్ వంటి పదార్థాలు ఉన్నట్లు థాయిలాండ్ పరిశోధకులు గుర్తించారు. అండాశయం పక్వం కావడానికి వీటికి సాటి వచ్చే మేత లేదని హేచరీలవారు భావిస్తారు.
* స్క్విడ్: మాంసకృత్తులు, కొలెస్టరాల్, డీహెచ్ఏ అందిస్తుంది. ముక్కలుగా కోసి వేస్తారు.
* ఆల్చిప్పలు, గుల్లల మాంసం: ఖనిజాలు, కొవ్వు ఆమ్లాలు అందిస్తాయి.
* పెరిగిన ఆర్టీమియా: ఉప్పునీటి మడుగులలో పెరిగే ఈ చిన్న జీవిలో వర్ణకాలు, కొవ్వులు ఉంటాయి. కావలసిన పోషకాలను ముందుగా ఆర్టీమియాకు తినిపించి, దానిని రొయ్యకు వేసే పద్ధతి కూడా ఉన్నది.
* గుళికల మేత: కూర్పు స్థిరంగా ఉండడం, నిల్వకు అనుకూలంగా ఉండడం, రోగభయం తక్కువ కావడం దీని ప్రయోజనాలు.

గుళికల మేత ఒక్కటే పూర్తిగా వేసినప్పుడు గుడ్ల ఫలితాలు తాజా ఆహారంతో సమానంగా రాబట్టడం కష్టమైంది. తాజా ఆహారంలో ఏ ఒక్క పోషకమో కాక, అనేక పోషకాల కలయిక, రుచి, హార్మోన్లను పోలిన పదార్థాలు కలిసి పనిచేయడం ఇందుకు కారణమని భావిస్తారు. అందువలన హేచరీలు గుళికలను తాజా ఆహారానికి తోడుగా వాడుతూ వస్తున్నాయి.

## సజీవ ఆహారంతో ముప్పు

పోషకవిలువలో మేటియైన ఆహారమే రోగాన్ని మోసుకొనిరావడం ఈ విషయంలోని ప్రధాన చిక్కు. 1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధి ఆంధ్ర తీరంలోని టైగర్ రొయ్యల సాగును తీవ్రంగా దెబ్బతీసింది. అనేక కుటుంబాలు అప్పులపాలయ్యాయి. ఉత్తర తమిళనాడు తీరంలో సేకరించిన, అమ్మకందారుల వద్ద కొన్న మార్ఫైసా జాతి పాలీకీట్ పురుగులను పరీక్షించిన శాస్త్రవేత్తలు, అవి తెల్లమచ్చల వైరస్‌ను తల్లి టైగర్ రొయ్యలకు చేర్చగలవని 2005లో ప్రచురించారు. పురుగుకు వ్యాధి రాకపోయినా, అది తిన్న బురదతో పాటు వైరస్‌ను తన పొట్టలో మోస్తుంది. రొయ్యల పెరుగుదలను కుంటుపరిచే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవిని 2009లో థాయిలాండ్ టైగర్ రొయ్యలలో వర్ణించి పేరు పెట్టారు. ఇది కూడా కలుషితమైన సజీవ ఆహారం ద్వారా తల్లి రొయ్యలకు చేరే అవకాశం ఉంది.

వన్నామై రొయ్యను వాణిజ్య స్థాయిలో దిగుమతి చేసుకోవడానికి భారతదేశంలో 2009లో అనుమతి లభించింది. నిర్దిష్ట రోగకారకాలు లేనివిగా ధ్రువీకరించిన తల్లి రొయ్యలను విదేశాల నుండి తెచ్చి, చెన్నైలోని నీలాంకరైలో ఉన్న జలజీవుల క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించిన తరువాతే హేచరీలకు పంపుతారు. ఎంపెడాకు చెందిన రాజీవ్ గాంధీ జలజీవుల పెంపక కేంద్రం విశాఖపట్నం ప్రాంతంలో వన్నామై తల్లి రొయ్యల ఉత్పత్తి కేంద్రాన్ని నెలకొల్పింది. ఇంత ఖర్చుతో రోగరహితంగా తెచ్చిన రొయ్యకు ఎక్కడో బురదలో తవ్వి తెచ్చిన పురుగును తినిపిస్తే ఆ శ్రమ అంతా వ్యర్థమవుతుంది. హేచరీలో తల్లికి సోకిన రోగం లక్షలాది పిల్లల ద్వారా అనేక గ్రామాల చెరువులకు చేరుతుంది. నష్టపోయేది ఆ పిల్లలను కొన్న రైతు.

దీనికి సూచించే మార్గాలు మూడు: పురుగులను శుభ్రమైన తొట్లలో ప్రత్యేకంగా పెంచడం, వాడే ముందు పీసీఆర్ పరీక్ష చేయించడం, ఘనీభవింపజేయడం లేదా పాశ్చరీకరించడం. ఘనీభవనం పరాన్నజీవుల ముప్పును తగ్గించవచ్చు గాని, వైరస్‌లు చల్లదనంలో చాలాకాలం నిలిచి ఉండగలవు. వేడి చేయడం వలన రోగభయం తగ్గుతుంది, కొన్ని పోషకాలు కూడా తగ్గుతాయి. ఇష్టానుసారం పురుగులను తవ్వడం వలన ముఖద్వారాల బురద నేలల జీవజాలానికి, వాటిపై ఆధారపడిన చేపలకు, పక్షులకు కూడా హాని కలుగుతుంది.

## కంటికాడ తొలగింపు – ఆహారం

రొయ్య కంటికాడలో అండాశయ వృద్ధిని అణచివుంచే హార్మోను తయారవుతుంది. కంటికాడను తొలగిస్తే అండాశయం త్వరగా పెరుగుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పనూజ్ 1943లో చూపించాడు. ఈ ఆధారంతోనే హేచరీలలో ఆడ రొయ్యకు ఒక కంటికాడను తొలగించే పద్ధతి వ్యాపించింది.

ఈ పద్ధతి అండాశయానికి ఉన్న అడ్డును తొలగిస్తుంది గాని, దానికి కావలసిన పోషకాలను ఇవ్వదు. పైగా, తక్కువ వ్యవధిలో పదేపదే గుడ్లు పెట్టవలసి రావడం వలన తల్లి నిల్వలు త్వరగా హరించుకుపోతాయి. మేత సరిపోకపోతే మొదటి రెండు మూడు విడతలు బాగా వచ్చి, తరువాతి విడతలలో పొదిగే శాతం తగ్గుతుంది. జంతు సంక్షేమ దృష్టితో కంటికాడ తొలగింపును మానివేయాలనే ఒత్తిడి దిగుమతి దేశాలలో పెరుగుతున్నది. ఈ శస్త్రం లేకుండా గుడ్లు పెట్టించాలంటే మంచి మేత, తగిన వెలుతురు, ఉష్ణోగ్రత, ప్రశాంతత, తగిన వంశాల ఎంపిక మరింత ముఖ్యమవుతాయి.

## నీలకంఠ రొయ్య

నీలకంఠ రొయ్య డింభకాలు లీటరుకు సుమారు 12 గ్రాముల లవణం గల నీటిలో 11 దశలు దాటి పిల్లలుగా మారతాయి. పెద్ద ఆడ రొయ్య 80 వేల నుండి లక్ష వరకు గుడ్లు మోయగలదు. మొదటిసారి గుడ్లు పెట్టే చిన్న రొయ్యలో ఈ సంఖ్య 5 వేల నుండి 20 వేల వరకే ఉంటుంది. సుమారు 28 డిగ్రీల వద్ద మూడు వారాలలో గుడ్లు పొదుగుతాయి. నారింజ రంగు గుడ్లు సొన ఖర్చవుతున్న కొద్దీ రంగు తగ్గి, పొదిగే ముందు బూడిద రంగుకు మారతాయి. తల్లి ఇచ్చిన సొన తరిగిపోయే తీరును ఈ రంగు మార్పు కంటికి చూపుతుంది.

1990లలోను, 2000ల తొలి సంవత్సరాలలోను ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ రొయ్య సాగు విస్తరించింది. తరువాత తల్లి నుండి పిల్లలకు సంక్రమించే తెల్లతోక వ్యాధి, దగ్గరి వంశాల మధ్య సంకరం వంటి కారణాలతో సాగు క్షీణించింది. పోషణ ఎంత ముఖ్యమైనా, తల్లి ఆరోగ్యం, వంశం సరిగా లేనప్పుడు మేత ఒక్కటే ఫలితం ఇవ్వజాలదని ఈ అనుభవం తెలుపుతుంది.

## అలంకార రొయ్యలు

### చెర్రీ రొయ్య

అక్వేరియం పెంపకందారులలో ఎక్కువ ప్రాచుర్యం పొందిన మంచినీటి రొయ్య ఇది. తూర్పు ఆసియాకు చెందిన నియోకారిడినా డేవిడి అనే జాతి నుండి ఎంపిక ద్వారా ఎరుపు, పసుపు, నీలం రంగుల రకాలను అభివృద్ధి చేశారు. ఆడ రొయ్య ఒక్కసారికి సుమారు 20 నుండి 30 గుడ్లు మోస్తుంది. గుడ్డు పెద్దది, సొన ఎక్కువ. డింభక దశలన్నీ గుడ్డులోనే ముగిసి, తల్లిని పోలిన చిన్న రొయ్యలే బయటికి వస్తాయి. ఉప్పునీటి అవసరం లేదు.

గుడ్ల సంఖ్య తక్కువ కావడం వలన ఈ రొయ్యలో ప్రతి గుడ్డూ విలువైనదే. తల్లి పోషణ లోపిస్తే జీను మచ్చ ఏర్పడకపోవడం, గుడ్లు మధ్యలోనే రాలిపోవడం, కుబుసం విడువలేక చనిపోవడం కనిపించవచ్చు. వీటి ఆహారం ప్రధానంగా నాచు, రాళ్ళమీద, ఆకులమీద పేరుకునే సూక్ష్మజీవుల పొర. పుట్టిన పిల్లలు దూరం వెళ్ళి మేత వెదకలేవు, ఈ పొరనే గీకి తింటాయి. కనుక కొత్తగా ఏర్పాటు చేసిన, మెరిసేంత శుభ్రమైన తొట్టిలో పిల్లలు బ్రతకడం కష్టం.

మన ప్రాంతంలో తేలికగా దొరికే పదార్థాలు దీనికి ఉపయోగపడతాయి. వీధులలో నీడకు పెంచే బాదం చెట్టు రాలిన ఎండుటాకులను అలంకార రొయ్యల పెంపకందారులు ప్రపంచమంతటా వాడతారు. ఆకు మెల్లగా కుళ్ళుతూ సూక్ష్మజీవుల పొరకు ఆధారమవుతుంది. పురుగుమందులు చల్లని పాలకూరను ఉడికించి చల్లార్చి కొద్దిగా వేయవచ్చు. వారానికి ఒకటి రెండుసార్లు మాంసకృత్తులు గల మేత చాలు. మిగిలిన మేతను కొన్ని గంటలలో తీసివేయాలి. అది కుళ్ళితే అమోనియా, నైట్రైట్ పెరిగి, మేత లేక చనిపోయే రొయ్యలకంటె మేత ఎక్కువై చనిపోయేవే అధికమవుతాయి.

ఎరుపు రంగుకు వంశం ప్రధాన కారణం. వర్ణకాలు గల మేత ఆ రంగును పూర్తిగా వెలికి తెస్తుంది గాని, వంశంలో లేని రంగును సృష్టించలేదు.

### అమానో రొయ్య

జపాన్ అక్వేరియం కళాకారుడు తకాషి అమానో ఈ రొయ్యను నాచు నివారణకు వాడి ప్రసిద్ధం చేశాడు. ఇది వెయ్యికి పైగా చిన్న గుడ్లు మోస్తుంది. చెర్రీ రొయ్యకు భిన్నంగా దీని డింభకాలకు ఉప్పునీరు, సూక్ష్మ నాచు అవసరం. ఇంటి తొట్టిలో తల్లి గుడ్లు మోస్తూ కనిపించినా పిల్లలు కనబడకపోవడానికి కారణం సాధారణంగా తల్లి మేత కాదు, డింభకాలకు తగిన నీరు, ఆహారం లేకపోవడమే.

### సముద్రపు అలంకార రొయ్యలు

చేపల శరీరాన్ని శుభ్రపరిచే లిస్మాటా రొయ్యలు, ఎరుపు తెలుపు పట్టీలు గల స్టెనోపస్ రొయ్యలు ఉప్పునీటి అక్వేరియంలలో పెంచుతారు. లిస్మాటా మొదట మగదిగా ఉండి, తరువాత ఆడ మగ రెండు లక్షణాలు కలిగి జీవిస్తుంది. తగిన మేత ఉంటే ఇవి తొట్టిలో తరచుగా గుడ్లు మోస్తాయి. అసలు కష్టం నెలల తరబడి సాగే డింభక దశలలో ఉంది. అందువలన వ్యాపారంలో ఉన్న వీటిలో అధికభాగం పగడపు దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. సొన నాణ్యత పెంచే మేతల పరిశోధన ఫలిస్తే దిబ్బలపై ఈ ఒత్తిడి తగ్గుతుంది.

## మగ రొయ్యల పోషణ

గుడ్లు పొదగకపోతే నింద సాధారణంగా ఆడ రొయ్య మీద పడుతుంది. నిర్బంధంలో ఎక్కువకాలం ఉన్న మగ రొయ్యలలో వీర్యకణాల సంఖ్య తగ్గడం, జననాంగాలు నల్లబడడం గమనించారు. విటమిన్ సి, విటమిన్ ఇ, అసంతృప్త కొవ్వు ఆమ్లాలు మగ రొయ్యలకు కూడా అవసరం. నీటి వేడి పెరిగినప్పుడు కూడా ఈ లోపాలు కనిపిస్తాయి. అందువలన కోస్తా వేసవిలో వచ్చే చెడు ఫలితాలన్నిటికీ మేతనే కారణంగా చెప్పలేము.

## ఫలితాన్ని అంచనా వేయడం

మేత మంచిదా కాదా అని నిర్ణయించడానికి కేవలం గుడ్ల సంఖ్య చూస్తే చాలదు. ఈ క్రింది అంశాలను వరుసగా గమనించాలి.

# పక్వమైన ఆడ రొయ్యల శాతం
# ఒక్కో తల్లి పెట్టిన విడతలు, విడతల మధ్య వ్యవధి
# విడతకు గుడ్ల సంఖ్య (తల్లి బరువుతో పోల్చి)
# ఫలదీకరణం చెందిన, పొదిగిన గుడ్ల శాతం
# నాప్లియస్ నుండి జోయియాకు చేరిన శాతం
# తల్లి రొయ్యల మరణాలు

ఒక మేత గుడ్ల సంఖ్యను పెంచి, జోయియాకు చేరే శాతాన్ని తగ్గిస్తే అది మంచి మేత కాదు. ఉష్ణోగ్రత, లవణీయత, రొయ్యల వయస్సు, వంశం సమానంగా ఉన్నప్పుడే రెండు మేతల మధ్య పోలిక చెల్లుతుంది.

## విద్యార్థులకు ఒక పరిశీలన

పాఠశాల లేదా కళాశాల ప్రయోగశాలలో చెర్రీ రొయ్యలతో ఈ విషయాన్ని పరిశీలించవచ్చు. ఒకే పరిమాణం గల నాలుగు తొట్లలో ఒకే నీరు, ఒకే రకం నాచు ఏర్పరచి నెలరోజులు నిలకడగా ఉంచాలి. ఒకే మంద నుండి తీసుకున్న రొయ్యలను ఆడ, మగ సమాన నిష్పత్తిలో ఒక్కో తొట్టిలో పది చొప్పున వేయాలి. అన్నిటికీ ఒకే మామూలు మేత ఇస్తూ, రెండు తొట్లలో మాత్రం అదనంగా బాదం ఆకు, స్పైరులినా వేయాలి. మూడు నెలల పాటు జీను మచ్చ కనిపించిన రొయ్యలు, గుడ్లు మోస్తున్న రొయ్యలు, పొదిగేవరకు నిలిచిన గుడ్లు, పిల్లల సంఖ్యను వారానికొకసారి నమోదు చేయాలి. ఒకే మేత ఇచ్చిన రెండు తొట్ల మధ్య కూడా తేడా కనిపించవచ్చు. వేర్వేరు మేతల మధ్య వచ్చిన తేడా దానికంటె ఎక్కువగా ఉంటేనే మేత ప్రభావం అని అనుమానించాలి.

పరిశీలన ముగిసిన తరువాత రొయ్యలను గాని, ఆ నీటిని గాని కాలువలలో, చెరువులలో వదలరాదు. డెల్టా కాలువలలో మన సొంత చిన్న రొయ్యలు ఉన్నాయి. పరదేశపు జాతి, దానితో వచ్చే రోగం వాటికి ముప్పు కాగలవు.

## ఇవి కూడా చూడండి

* [[రొయ్య]]
* [[కొల్లూరు]]
* [[నిజాంపట్నం]]
* [[కృష్ణా నది]]
* [[అక్వేరియం]]